ఖాళీ గడి లేని పుస్తకం

“అమ్మా, ఉప్పు డబ్బా ఇటివ్వమను,” అంది కూతురు పిచ్చుక.

డబ్బా తండ్రి మోచేతి పక్కనే ఉంది. ఆమె చెయ్యి చాపితే అందేదే. కాని పదకొండు రోజులుగా ఆ ఇంట్లో చెయ్యి చాపితే అందే వస్తువులన్నీ అమ్మ మీదుగానే చుట్టు తిరిగి వస్తున్నాయి.

“ఏమండీ, అమ్మాయికి ఉప్పు కావాలట.”

“తీసుకోమను,” అన్నాడు తండ్రి పళ్ళెంలోంచి తల ఎత్తకుండా. “నేను ముట్టుకున్న డబ్బా. నమ్మదగిందో కాదో చూసుకుని మరీ తీసుకోమను.”

“చూసుకుని తీసుకోమంటున్నారే.”

“వినపడిందమ్మా.”

“వినపడిందటండీ.”

“నాకూ వినపడింది.”

అమ్మ చెంచా కింద పెట్టింది. ఆమె కుడిచేతికి మోచేతి దాకా పిండికట్టు ఉంది. రెండు వారాలు దాటినా ఎడంచేత్తో తినడం అలవాటు కాలేదు. “మీ ఇద్దరికీ వినపడుతుంటే మధ్యలో నేనెందుకు? నాకు పనిచేసేది ఒక్క చెయ్యి. దాంతో తినాలా, మీ మాటలు మొయ్యాలా?”

ఇద్దరూ నవ్వలేదు. ఇద్దరికీ నవ్వొచ్చిన మాట మాత్రం నిజం. తండ్రి నీళ్ళు తాగాడు, కూతురు కిటికీ వైపు చూసింది.

గొడవంతా ఒక్క మాట వల్ల వచ్చింది.

పిచ్చుక ఉద్యోగం మందుల గిడ్డంగి పై అంతస్తులో, నెట్‌వర్క్ గదిలో. ఆమె చేరేనాటికి ఆ నెట్‌వర్క్ మీద పదకొండు వందల నలభై పరికరాలున్నాయి. అందులో ఏది కంప్యూటరో, ఏది ప్రింటరో, ఏది గోడకున్న కెమెరానో, ఏది ఎవరో వదిలేసి వెళ్ళిన పాత డబ్బానో చెప్పగలిగిన మనిషి లేడు. ఆమె నాలుగు నెలలు కూర్చుని డేటాబేస్‌ని ప్రశ్న మీద ప్రశ్న అడిగింది. దీన్ని తయారుచేసిందెవరు, ఇది ఎవరితో మాట్లాడుతుంది, ఎంతసేపటికోసారి మాట్లాడుతుంది. ఆ ప్రశ్నల్నే అక్కడ క్వెరీలంటారు.

కెమెరాలు వాగుడుకాయలు, క్షణం నోరు మూయవు. ప్రింటర్లు పిలిస్తేనే పలుకుతాయి. చలిగదిలో ఫ్రిజ్‌లకు తగిలించిన మీటర్లు పది నిమిషాలకోసారి లోపల చలి ఎంతుందో ఒక్క అంకె చెప్పి ఊరుకుంటాయి. తీరును బట్టి దేని గుంపులో దాన్ని వేసింది. గిడ్డంగిలో అందరూ ఆమెని ‘జాబితాలమ్మాయి’ అనడం అప్పుడే మొదలైంది.

ఆ ఊపులోనే చలిగదిలోని పన్నెండు ఫ్రిజ్‌లనీ విడదీసి చూసింది. ఐదు నెలల్లో ఐదు ఫ్రిజ్‌లు, నెలకొకటి చొప్పున, ఉండాల్సిన దానికంటే వెచ్చగా కనిపించాయి. ఆ గది మొత్తాన్నీ తీసుకెళ్ళి కొత్తగా ఇంకో గుంపులో వేసింది. ఆ గుంపుకి ఆమె పెట్టిన పేరు ‘నమ్మదగనివి’. ఏదో ఒక పేరు పెట్టాలి కదా అని పెట్టింది.

సమావేశంలో గిడ్డంగి అధికారి పెద్దమేడమ్ ఆ జాబితాని పైకి చదివింది. ఆ చలిగదిని ముప్ఫై ఒక్క ఏళ్ళుగా చూసుకుంటున్న మనిషి వెనక వరుసలో కూర్చుని విన్నాడు. గిడ్డంగికంతటికీ అతను చలిగది మావయ్య. పిచ్చుకకి నాన్న.

“నమ్మదగనివాణ్ణి. నాతో మాటలెందుకు?” అన్నాడు ఆ సాయంత్రం గుమ్మంలో చెప్పులు విడుస్తూ. ఆ తరవాత కూతురితో ఒక్క మాట లేదు.

మర్నాడే గదికి తాళం పడింది. ఫ్రిజ్‌లు నడుస్తూనే ఉన్నాయి, మందు లోపలే ఉంది, కాని ఒక్క పెట్టె బయటికి రాదు. రేపు సోమవారం పొద్దున్నే లారీ వచ్చి పన్నెండు ఫ్రిజ్‌లలోని టీకా మందునీ పారబోయడానికి తీసుకుపోతుంది. పసిపిల్లలకు వేసే మందు. దాంతోపాటే నాన్న ఉద్యోగమూ పోతుంది. కొత్తగా ఏమైనా తేలితే ఆదివారం సాయంత్రం నాలుగులోపు రాసి పంపమంది పెద్దమేడమ్.

ఇవాళ ఆదివారం.

తండ్రి పళ్ళెం కడిగి బోర్లించి, పనిముట్ల సంచి తీసుకుని బయటికి వెళ్ళాడు. గేటు గడియ సరిగ్గా పడటం లేదని నిన్నటినుంచీ దానితో కుస్తీ పడుతున్నాడు.

“ఆయన బాధ ఆయనది,” అంది అమ్మ గొంతు తగ్గించి. “రేపు ఒకటో తారీఖు కదా. తాళం వేసి కూర్చున్నారు, ఇంక మీటర్లు తిప్పేదెవరు అని తెల్లవారినప్పట్నుంచీ గొణుగుడే.”

పిచ్చుక చేతిలో రొట్టె ముక్క అక్కడే ఆగింది. “మీటర్లు తిప్పడమేంటి?”

“నాకేం తెలుసే. ప్రతి ఒకటో తారీఖూ పొద్దున్నే పోతారుగా, ఎనిమిదికి ముందే. మీటర్లు తిప్పాలీ అని.”

“ఎక్కడికి తిప్పుతారు?”

“అడిగి చెప్పమంటావా?”

“అడుగమ్మా. ఇప్పుడే అడుగు.”

వంటింటి కిటికీ గేటు వైపే తెరుచుకుంటుంది. అమ్మ కిటికీ దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చుంది. గేటుకీ కిటికీకీ మధ్య పది అడుగులుంటాయేమో.

“ఏమండీ, మీటర్లు ఎక్కడికి తిప్పుతారని అడుగుతోంది.”

స్క్రూ తిప్పే చప్పుడు ఆగింది. జవాబు వచ్చింది. “ఒకటో ఫ్రిజ్‌ది రెండోదానికి. రెండోదానిది మూడోదానికి. ఆఖరిది మళ్ళీ మొదటికి.”

“ఎందుకట?” అంది పిచ్చుక అమ్మ వెనక నిలబడి.

“ఎందుకట?” అంది అమ్మ.

“గాజు గొట్టాల థర్మామీటర్ల కాలంలో, నాకు పని నేర్పిన మా పెద్దాయన చెప్పింది. తప్పు మీటరుదో ఫ్రిజ్‌దో ఒకచోట కూర్చుంటే తెలీదు. మీటరుని నడిపించాలి. తప్పు మీటరుదైతే దాని వెంటే నడుస్తుంది. ఫ్రిజ్‌దైతే అక్కడే కూర్చుంటుంది. అని చెప్పు.”

అమ్మ కూతురి వైపు తిరిగింది. “తప్పు మీటరుదైతే...”

“అమ్మా, ఒక్క నిమిషం,” అంది పిచ్చుక. అప్పటికే ల్యాప్‌టాప్ కోసం లోపలికి పరిగెత్తుతోంది.

ఆమె ఇన్నాళ్ళూ అడిగిన ప్రశ్న ఒకటే: ఏ ఫ్రిజ్ ఎంత వెచ్చగా ఉంది? ప్రతి ఫ్రిజ్ వెనకా గోడకి నంబరు వేసిన నెట్‌వర్క్ సాకెట్ ఉంది. ఏ సాకెట్‌లోంచి మీటరు మాట్లాడితే ఆ ఫ్రిజ్ పేరు మీద అంకె పడేది. మాట్లాడే మీటరు ఏదో ఆమె ఎన్నడూ అడగలేదు. కాని ప్రతి మీటరుకీ పుట్టుకతో వచ్చిన నంబరు ఒకటుంటుంది, పుట్టుమచ్చలాగా, ఎక్కడికి మార్చినా మారనిది. అదీ డేటాబేస్‌లోనే ఉంది. ఎప్పుడూ అక్కడే ఉంది.

ఇప్పుడు సాకెట్ల ప్రకారం కాకుండా ఆ నంబర్ల ప్రకారం గుంపులు కట్టమంది. క్వెరీలో మారింది ఒక్క మాట.

వచ్చిన జవాబు పన్నెండు వరుసలు. పదకొండు మీటర్లు ఐదు నెలలూ నాలుగు డిగ్రీల దగ్గరే ఉన్నాయి. నంబరు చివర అరవై ఒకటి అని ఉన్న మీటరొక్కటి మాత్రం ఎక్కడికి వెళ్ళినా తొమ్మిదే చెప్పింది. మొదటి నెల రెండో ఫ్రిజ్‌లో తొమ్మిది. తరవాతి నెల మూడో ఫ్రిజ్‌లో తొమ్మిది. ఈ నెల ఆరో ఫ్రిజ్‌లో.

ఐదు ఫ్రిజ్‌లు పాడవలేదు. ఒక్క మీటరు ఐదు ఫ్రిజ్‌లకి చుట్టంగా వెళ్ళొచ్చింది.

పిచ్చుక వెంటనే పెద్దమేడమ్‌కి ఫోన్ చేసింది. ఆవిడ ఓపిగ్గా అంతా విన్నది.

“బాగుందమ్మా. కాని ఆ గది ఎవరిది?”

“మా నాన్నగారిది, మేడమ్.”

“క్వెరీ రాసిందెవరు?”

“నేనే.”

“పదకొండు రోజుల కిందట ఒక ప్రశ్న అడిగావు, ఆయన తప్పన్నావు. ఇవాళ ఇంకో ప్రశ్న అడిగావు, కాదంటున్నావు. నేను నమ్ముతాను. పైవాళ్ళు నమ్మొద్దూ? నీ కంప్యూటర్ కాకుండా ఇంకో సాక్ష్యం కావాలి. ఫ్రిజ్ లోపల నిజంగా నాలుగే ఉందని ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు?”

“నాన్నగారు రాసుకుంటారు మేడమ్. ప్రతి ఫ్రిజ్‌లో గాజు థర్మామీటరు కూడా ఉంటుంది. రోజుకి మూడుసార్లు కంటితో చూసి పుస్తకంలో రాస్తారు.”

“అయితే ఆ పుస్తకాన్నీ నీ మీటర్లనీ పక్కపక్కన పెట్టి పంపు. ఒక్కటి గుర్తుపెట్టుకో. నేను రేపు ఆ పుస్తకాన్ని సాక్షిగా నిలబెడతాను. అందులో ఒక్క గడి అబద్ధమని తేలినా మొత్తం పుస్తకం చెల్లదు. లారీ ఆగదు. తెలిసిందా?”

“అలాంటివి ఉండవు మేడమ్,” అంది పిచ్చుక. ఇన్ని రోజుల్లో ఆమె ఇంత ధైర్యంగా పలికిన మాట లేదు.

ఈసారి అమ్మని పిలవలేదు. తనే గేటు దగ్గరికి వెళ్ళి నిలబడింది. తండ్రి గడియకి నూనె రాస్తున్నాడు.

“నాన్నా. నీ పుస్తకం కావాలి.”

అతను గడియ వేశాడు, తీశాడు, మళ్ళీ వేశాడు.

“తప్పు మీటరుది నాన్నా. అరవై ఒకటి. మీ పెద్దాయన చెప్పినట్టే నడిచింది. నీ పుస్తకం చూపిస్తే అయిపోతుంది.”

తండ్రి మొహంలో ఏదో వెలిగింది. వెలిగినంత తొందరగానే ఆరింది. చేతులు గుడ్డకి తుడుచుకుని లోపలికి నడిచాడు. అలమర తెరిచి, గదికి తాళం పడిన రోజు తెచ్చి పై అరలో పెట్టిన పుస్తకం మీద చెయ్యి వేశాడు. చేతిని అక్కడే ఉంచి, అవసరమైన దానికంటే ఎక్కువసేపు నిలబడ్డాడు.

“ఇదిగో,” అన్నాడు, అమ్మతో. “అందులో ఖాళీ గడి ఒక్కటి కూడా ఉండదని చెప్పు. ఖాళీ గడి అంటే మనిషి లేడని అర్థం అనేవాడు మా పెద్దాయన. ముప్ఫై ఒక్క ఏళ్ళలో నేను ఒక్కటీ వదల్లేదు. తప్పు రాస్తే గీత కొట్టి పక్కన సంతకం పెట్టాను. చెరపలేదు, దిద్దలేదు.”

“చెప్పక్కర్లేదు, ఇక్కడే ఉందిగా,” అంది అమ్మ.

అతను మళ్ళీ గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు.

పొడుగాటి పుస్తకం. గట్టి నల్ల అట్ట. పేజీకి ఒక రోజు. అడ్డంగా పన్నెండు ఫ్రిజ్‌లు, నిలువుగా మూడు వేళలు. గుండ్రటి అక్షరాలు, అంకెలన్నీ ఒకే ఎత్తు. నెల మొదటి పేజీలో పైన ‘మీటర్లు తిప్పడమైనది’ అని, కింద సంతకం.

“అన్నీ టైపు కొట్టాలంటే ఇవాళ కాదు,” అంది పిచ్చుక. “మధ్యాహ్నం పన్నెండు గంటల వరుస ఒక్కటే ఎక్కిద్దాం. అప్పుడే ఫ్రిజ్‌ల తలుపులు ఎక్కువ తెరుస్తారు. అమ్మా, నువ్వు చదువు. నేను కొడతాను.”

“ఎన్నుంటాయి?”

“ఐదు నెలలవీ, సెలవులు పోగా పద్నాలుగు వందల పైన.”

“నీ పెళ్ళి పిలుపులకి కూడా అన్ని పేర్లు చదవనే నేను,” అంటూనే అమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. కట్టున్న చెయ్యి పేజీ మీద బరువుగా పెట్టి, ఎడంచేతి వేలితో గడులు చూపించుకుంటూ మొదలుపెట్టింది. “నాలుగు. నాలుగు. నాలుగు. మూడున్నర. నాలుగు. ఏమే, ఈయన ఇంట్లో ఒక్క వస్తువు పెట్టిన చోట పెట్టడు. ఇక్కడ చూడు, ముత్యాల్లాగా. నాలుగు. నాలుగున్నర.”

“అమ్మా, మధ్యలో మాటలు కలిపితే అవీ ఎక్కించేస్తాను.”

“ఎక్కించు. మీ మేడమ్ కూడా చదువుకుంటుంది. నాలుగు. నాలుగు.”

ఒక పేజీ తరవాత ఒక పేజీ. చదువుతూ చదువుతూ అమ్మ గొంతు జోలపాటలాగా అయిపోయింది. ఏ రోజుదో చూడటం మానేసి అంకెలొక్కటే చదువుకుంటూ పోయింది. తారీఖులు పిచ్చుక చూసుకుంది. గాజు గొట్టాల్లో ఏ నెలా నాలుగున్నర దాటలేదు. రెండో ఫ్రిజ్‌ని మీటరు తొమ్మిదన్న రోజున పుస్తకం నాలుగంది. మూడోదాన్ని తొమ్మిదన్న రోజునా నాలుగే.

ఆమె కొడుతూ కొడుతూ ఒకసారి తల వంచి కళ్ళు తుడుచుకుంది. అమ్మ చూసి, చూడనట్టు ఇంకో పేజీ తిప్పింది.

మూడింటికి పుస్తకం అయిపోయింది. పిచ్చుక వేళ్ళు విరుచుకుని ఆఖరి క్వెరీ రాసింది. పుస్తకంలోని అంకెనీ మీటరు చెప్పిన అంకెనీ రోజుకి రోజు, ఫ్రిజ్‌కి ఫ్రిజ్ జత కట్టు. రెండు డిగ్రీలకి మించి తేడా ఉన్నవి చూపించు. మీటర్ల ప్రకారం గుంపులు కట్టు.

ఒకే గుంపు రావాలి. అరవై ఒకటి.

రెండు వచ్చాయి.

మొదటిది అరవై ఒకటి, నూట పద్దెనిమిది వరుసలు. దాని కింద ఇంకొకటి. ముప్ఫై ఎనిమిది. ఒక్క వరుస.

“అయిందా?” అంది అమ్మ.

“నువ్వు చదవడంలో ఎక్కడో పొరపాటు పడినట్టుందమ్మా. ఒక గడి తేడా వస్తోంది. ఏడో ఫ్రిజ్, ఈ నెల పద్నాలుగు. మళ్ళీ చూడు.”

అమ్మ పేజీలు వెనక్కి తిప్పింది. “ఏడు... పన్నెండు గంటలకి... నాలుగు. సరిగ్గానే చదివాను. ఇదిగో, శుభ్రంగా రాసుంది.”

“మీటరు పది అంటోంది.”

“ఇదీ పాడైందేమో.”

“లేదమ్మా. ఐదు నెలల్లో ఈ మీటరు ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు.”

“పద్నాలుగు,” అంది అమ్మ. కళ్ళజోడు పైకి జరిపింది. “పద్నాలుగంటే గురువారం కదా. నేను పడ్డ రోజు.”

పిచ్చుక చేతులు కీబోర్డ్ మీద అలాగే ఉండిపోయాయి.

ఆ రోజు ఆమె సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. అమ్మ స్నానాలగదిలో జారి పడింది. చెయ్యి వంకరగా తిరిగిపోయింది, మొహం తెల్లబోయింది. పిచ్చుక ఫోన్ తీసుకుని, నాన్నా వెంటనే రా, ఏ పనిలో ఉన్నా వదిలేసి రా అంది. ఏ పనిలో ఉన్నా అని గట్టిగా అంది. ఫోన్‌లో ఆ పిలుపు ఇంకా ఉంది. చూసింది. పదకొండు గంటల పన్నెండు నిమిషాలు.

ముప్ఫై ఎనిమిదో మీటరు ఆ రోజు చెప్పిన అంకెలన్నీ వరసగా తెప్పించింది. పదకొండు పదికి నాలుగు. పదకొండు నలభైకి ఏడు. పన్నెండుకి పది. పన్నెండున్నరకి పదమూడు. ఒకటి యాభై దాకా పదమూడే. అక్కడినుంచి మెల్లగా దిగింది. పెట్టెల కోసం వచ్చినవాళ్ళెవరో వారగా ఉన్న తలుపు చూసి నెట్టి వెళ్ళుంటారు. నెల సగటు తీసినప్పుడు ఈ రెండున్నర గంటలు దూదిలో నీటిబొట్టులా ఇంకిపోయాయి. అందుకే ఆమె మొదటి జాబితాలో ఏడో ఫ్రిజ్ మంచిదానిలాగే కనిపించింది.

“పన్నెండు గంటలకి ఆయన నా పక్కనే ఉన్నారే,” అంది అమ్మ. నెమ్మదిగా, తనలో తను అనుకుంటున్నట్టు. “ఎక్స్‌రే గది బయట బెంచీ మీద. నా చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని. గడియారం చూసి, పన్నెండైంది, ఇంకా పిలవరేం అని నర్సుని అడిగారు కూడా.”

ఇద్దరూ పుస్తకంలోని ఆ గడిని చూశారు. నాలుగు. మిగతా నాలుగుల్లాగే గుండ్రంగా, అదే ఎత్తులో.

అమ్మ పుస్తకం మూయలేదు. పేజీ కూడా తిప్పలేదు. కట్టున్న చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది.

“ఒక్క గడేగా,” అంది.

“ఒక్క గడే.”

“తీసెయ్యడం కుదరదా?”

కుదురుతుంది. అదే కష్టం. క్వెరీ చివర, అరవై ఒకటో మీటరువి మాత్రమే చూపించు అని ఒక్క షరతు చేరిస్తే చాలు. ఆ వరుస ఎక్కడికీ పోదు, డేటాబేస్‌లోనే ఉంటుంది, కాని ఎవరూ అడగరు. అడగనిది అది చెప్పదు. పిచ్చుక ఆ షరతు కొట్టింది. నూట పద్దెనిమిది వరుసలు, ఒకే గుంపు, అద్దంలా ఉంది. దాన్ని కాసేపు చూసి, కొట్టిందాన్ని చెరిపేసింది. ఆ వరుస మళ్ళీ వచ్చి అడుగున కూర్చుంది.

“ఏడో ఫ్రిజ్‌లో వేడెక్కిన మందు అలాగే ఉందమ్మా. గది తెరిస్తే అదీ మిగతావాటితోపాటే పిల్లల దగ్గరికి వెళ్తుంది.”

“చెప్తే?”

“చెప్తే పుస్తకం అబద్ధమంటారు. అప్పుడు మిగతా పదకొండు ఫ్రిజ్‌లలో ఉన్న మంచి మందూ లారీ ఎక్కుతుంది. నాన్న కూడా...”

“లారీ ఎక్కుతాడా?”

పిచ్చుక నవ్వలేకపోయింది. అమ్మా నవ్వించాలని అనలేదు.

గేటు గడియ పడిన చప్పుడు వినిపించింది. ఈసారి ఒక్క దెబ్బకే, టక్కుమని. తండ్రి పనిముట్ల సంచి గుమ్మం పక్కన పెట్టాడు. చేతులు కడుక్కుని వచ్చి, బల్లకి అవతల కూర్చోకుండా, కూతురి కుర్చీ వెనక నిలబడ్డాడు.

“ఎన్నొచ్చాయి?” అన్నాడు.

అమ్మ నోరు తెరిచి మూసుకుంది. ఆ ప్రశ్న ఆమెని అడిగింది కాదు.

“నూట పందొమ్మిది,” అంది పిచ్చుక.

“అన్నీ అరవై ఒకటేనా?”

ఆమె తెర మూయలేదు. తండ్రి వంగి, కళ్ళు చికిలించి చదివాడు. అడుగున ఉన్న వరుస దగ్గర ఆగాడు. తరవాత ఆమె వరసగా తెప్పించిన అంకెలు చదివాడు. నాలుగు, ఏడు, పది, పదమూడు. చదువుతూ కుర్చీ వీపుని పట్టుకున్నాడు.

“తలుపు వేశాననే అనుకున్నాను,” అన్నాడు.

కుర్చీ వదలకుండానే మిగతాదీ చెప్పాడు.

“నీ ఫోన్ వచ్చినప్పుడు పెట్టె చేతిలో ఉంది. లోపల పెట్టాను. తలుపు నెట్టాను. గడియ చప్పుడు విన్నానో లేదో తెలీదు.” పుస్తకం వైపు చూశాడు. “ఆ సాయంత్రం తిరిగి వెళ్ళి పుస్తకం తెరిస్తే పన్నెండు గడులు ఖాళీగా ఉన్నాయి. ఒక వరుస మొత్తం. ముప్ఫై ఒక్క ఏళ్ళలో మొదటిసారి. ఎప్పుడూ నాలుగే కదా, నాలుగే ఉండుంటుంది అని... చూడలేకపోయాను, అందుకే నింపేశాను. పదకొండు గడులు నిజమే అయ్యాయి. ఒకటి కాలేదు.”

“నేను పిలవబట్టే వచ్చావు,” అంది పిచ్చుక. “వదిలేసి రమ్మంది నేనే.”

“రమ్మన్నది నువ్వు. రాసింది నేను.”

బల్ల మీద ఫోన్ మోగింది. పెద్దమేడమ్. గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది. ముగ్గురూ ఫోన్ వైపు చూశారు. ఎవరూ తియ్యలేదు. మోగి మోగి ఆగిపోయింది.

తండ్రి కుర్చీ లాక్కుని కూతురి పక్కన కూర్చున్నాడు. పుస్తకాన్ని తన ముందుకు జరుపుకున్నాడు. పద్నాలుగో తారీఖు పేజీ తెరిచే ఉంది. చొక్కా జేబులోంచి పెన్ను తీసి మూత విప్పాడు. ఎప్పుడూ చేసినట్టే మూతని పెన్ను వెనక్కి తగిలించాడు. గీత కొట్టి, పక్కన సంతకం పెట్టడానికి ఎంత చోటు కావాలో చూసుకుంటున్నట్టు ఆ వరుస మీద పెన్ను నిలిపాడు.

పిచ్చుక చెయ్యి చాపి అరచేతిని పేజీ మీద పెట్టింది. పన్నెండు గడులూ ఆ చేతి కింద పడిపోయాయి.

“నాన్నా, ఇప్పుడు గీత కొడితే ఇది సాక్ష్యం కాదు. పదకొండు ఫ్రిజ్‌ల మందు పోతుంది. నువ్వు పోతావు. ఇంకో దారి చూద్దాం. ఏడోదాన్ని మాత్రం ఎలాగైనా ఆపుదాం. కాసేపు ఆగు.”

“ఎలా ఆపుతావు?”

ఆమె అరచేతిని ఇంకా గట్టిగా అదిమింది.

ఫోన్ మళ్ళీ మోగింది. అమ్మ ఎడంచెయ్యి దాని మీదికి వెళ్ళి, తియ్యకుండా అక్కడే ఆగింది. ఆమె ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. ఎవరి మాట ఎవరికి చెప్పాలో మొదటిసారి ఆమెకి తెలియలేదు.

తండ్రి పెన్ను పైకెత్తలేదు. కూతురి చేతిని చూశాడు, తరవాత మొహాన్ని చూశాడు. పదకొండు రోజుల తరవాత ఆమెని పేరు పెట్టి పిలిచాడు, చిన్నప్పుడు మంచు పట్టిన ఫ్రిజ్ అద్దం మీద వేలితో గీతలు గీస్తుంటే పిలిచినంత మెల్లగా.

“చెయ్యి తియ్యి, పిచ్చుకా.”

ఫోన్ మూడోసారి మోగింది. ఆమె చెయ్యి తియ్యలేదు.